వెదకెడువారి మాట, మన పుట స్థానము

బెంగళూరు అవెన్యూ రోడ్డులో పుస్తకముల అంగళ్లు బారులు తీరి యున్నవి. వీథి మొగదల నున్న అంగడి అందరి కంటను బడును. సందులోపలి అంగడిలో ఎంత మంచి గ్రంథమున్నను, ఎరిగి పోవువారు కొందరే. ఇంటర్నెట్టులో మనము ఒక మాట టైపు చేసి వెదకినప్పుడు గూగుల్ చూపెడి పట్టికయు ఇట్టి వీథియే. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు అమెరికాలో స్థాపించిన ఆ సంస్థ, మన మాటకు తగిన పుటలను ఒకదాని క్రింద నొకటిగా పేర్చి చూపును. వెదకుటకు వాడిన మాటకు కీలకపదమనియు, పట్టికలో ఒక వెబ్‌సైటు నిలిచిన చోటునకు స్థానమనియు పేరు. ఆ స్థానము ఎట్లు మారుచున్నదో గమనించు విధమును ఈ పాఠమున తెలిసికొందము.

ఇది వ్యాపారుల విషయము, మనకేల యని కొందరు తలపవచ్చును. కర్ణాటకమున తెలుగు చదువుకొను మనకు ఇది మిక్కిలి అవసరము. ఈ నగరమునకు క్రొత్తగా వచ్చిన తెలుగు కుటుంబము, తమ బిడ్డకు తెలుగు చెప్పు బడి ఎచ్చట గలదని ఇప్పుడు తరచుగా ఫోనునే అడుగును. పట్టికలో బడి పేరు కానరాకున్న, అట్టి బడి లేదనియే తలంచి, బిడ్డను వేరొక మాధ్యమమున చేర్పించును. పిల్లలు రాని తరగతి ఎన్నాళ్లు నిలుచును?

మొదట తెలియవలసినది: కీలకపదము ఒక్కటి కాదు. మన నగరము పేరునే చూడుడు. తెలుగున బెంగళూరు అనియు, బెంగుళూరు అనియు, బెంగలూరు అనియు వ్రాయుదురు. ఆంగ్లమున దాని పేరు 2014 నవంబరు 1వ తేదీన అధికారికముగా మారినను, పాత రూపమును టైపు చేయువారు ఇప్పటికిని గలరు. తెలుగు మాటలనే ఆంగ్లలిపిలో వ్రాసి వెదకువారును కలరు. ‘తెలుగు బడి’, ‘తెలుగు పాఠశాల’, ‘తెలుగు మీడియం స్కూలు’ — వీని భావము ఒక్కటే. కాని కీలకపదములు మూడు. ఒకదానికి మొదటి వరుసలో నిలిచిన పుట మరొకదానికి అసలే కానరాకపోవచ్చును.

రెండవది: వెదకిన చోటును బట్టి స్థానము మారును. సమీపమున నున్న సంస్థలను చూపునప్పుడు గూగుల్ మాటతో పొందిక, దూరము, ప్రసిద్ధి అను మూడింటిని లెక్కించును. కావున మల్లేశ్వరమున చూచిన పట్టికయు, వైట్‌ఫీల్డున చూచిన పట్టికయు ఒక్కటి కానక్కరలేదు. నోటుపుస్తకమున గళ్లు గీసి తేదీ, కీలకపదము, వెదకిన పేట, ఫోనో కంప్యూటరో, కనబడిన స్థానము అను ఐదింటిని వారమున కొకసారి వ్రాయవలెను. మన ఫోను మనము తరచు తెరచు పుటను పైకి తెచ్చి మురిపింపవచ్చును గనుక, ఖాతానుండి బయటకు వచ్చి వెదకవలెను.

మూడవది గణితము. గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ అను ఉచిత సాధనము గలదు. వెబ్‌సైటు తమదేయని నిరూపించుకొన్నవారికి అది ఏ మాటకు పుట ఎన్నిసార్లు కనబడినది, ఎన్నిసార్లు దానిని నొక్కిరి, సగటు స్థానమెంత యను లెక్కలను 16 నెలల వరకు చూపును. ఈ సగటును చూచి తొందరపడరాదు. ఉదాహరణమునకు, ఒక బడి పుట మొదటి వారమున 10 సార్లు కనబడినది. ప్రతిసారియు 4వ స్థానమే. సగటు 4. రెండవ వారమున ఆ 10 సార్లును 4వ స్థానముననే నిలిచి, దూరపు పేటలవారికి మరి 90 సార్లు 12వ స్థానమున కనబడినదనుకొందము. మొత్తము 40, 1080 కలిపి 1120. దానిని 100 చేత భాగింపగా సగటు 11.2. అంకెను మాత్రమే చూచినవారు బడి వెనుకబడెనని దిగులుపడుదురు. నిజమునకు ఎవరికిని తగ్గినది లేదు. క్రొత్తవారు 90 సార్లు మన పేరు చూచు అవకాశము కలిగినది.

నాలుగవది మనవంటి అల్పసంఖ్యాకులు మరువరానిది. మిక్కిలి కొలదిమంది మాత్రమే వెదకిన మాటలను, వారి గోప్యతను కాపాడుటకై, ఆ సాధనము పట్టికలో చూపదు. వేలమంది అడుగు మాట కనబడును. పదిమంది తెలుగు తల్లులు తెలుగులిపిలో అడిగిన మాట మఱుగున నుండును. పట్టికలో లేదు గనుక ఎవరును తెలుగున వెదకుట లేదని తీర్మానించి, వెబ్‌సైటులోని తెలుగు పుటలను తీసివేయుట గొప్ప పొరపాటు.

మరి ఆ మాటలు తెలియుటెట్లు? అడుగుటయే మార్గము. బిడ్డను చేర్చుటకు వచ్చిన తలిదండ్రులను, ‘అయ్యా, అమ్మా, మీరు ఏ మాట టైపు చేసి వెదకితిరి? ఏ లిపిలో?’ అని వినయముగా అడిగి, వారు చెప్పినది చెప్పినట్లే వ్రాసికొనవలెను. పిదప ఆ మాటలను బడి పుటలో సహజమైన వాక్యములలో వాడవలెను. ఒకే మాటను పదిమార్లు గుప్పించుట కూడదు. అట్టిది చదువువారికి విసుగు పుట్టించును, గూగుల్ నియమములకును విరుద్ధము.

విద్యార్థులారా! మీ యింటివారిలో ముగ్గురిని, బెంగళూరులో తెలుగు పాఠములు నేర్పు చోటును ఫోనులో వెదకుమని కోరుడు. ఏ మాట యనునది మీరు చెప్పవలదు. ముగ్గురును ఏమేమి టైపు చేసిరో, ఏమేమి కనబడెనో వ్రాసి తరగతికి తెండు. మన పుట ఎచ్చట నిలిచినదో ఆ కాగితము తెలుపును. మనవారు మనలను ఏ పేరున పిలుచుచున్నారో అదియు తెలుపును.