క్లారినెట్ ఊదేవారికి దగ్గు వస్తే



కొంతకాలం క్రితం మా ఓ.పి.కి ఒక పెద్దాయన వచ్చారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాక, చిన్నప్పుడు నేర్చుకుని వదిలేసిన క్లారినెట్‌ను మళ్లీ చేతబట్టారు. ఊళ్లోని టీచర్లు, ఉద్యోగులు, కాలేజీ పిల్లలు ఇరవై మంది దాకా కలిసి ఒక వాద్యబృందం పెట్టుకున్నారు. వయొలిన్లు, ఫ్లూట్లు, రెండు క్లారినెట్లు, ఒక ట్రంపెట్టు, డ్రమ్ములు. వారానికి రెండు సాయంత్రాలు చర్చి వెనుక హాలులో సాధన. ఎవరికీ జీతం లేదు, క్రిస్మస్‌కూ ఈస్టరుకూ వాయిస్తే అందరికీ సంతోషం.

ఆయనకు రెండు నెలలుగా దగ్గు. మందుల షాపులో దగ్గు మందు సీసాలు మూడు కొని తాగేశారు. "ఊది ఊది ఊపిరితిత్తులు అరిగిపోయాయమ్మా. ఈ వయసులో ఆ పీక ఎందుకని మా ఆవిడ చెబుతూనే ఉంది, నేనే వినలేదు" అన్నారు. ఇక్కడ మా లోపం కూడా చెప్పుకోవాలి. చుట్ట, బీడీ అలవాటు ఉందా అని అడిగాము, షుగరు అడిగాము. ఎక్కడ ఊదుతారు, ఎంతసేపు, పక్కన ఎవరు కూర్చుంటారు అని మాత్రం ఆ రోజు మేము అడగలేదు.

తెమడ పరీక్షలో టి.బి. అని తేలింది.

ఊదటం వలన టి.బి. రాదు. టి.బి. ఒక క్రిమి వలన వస్తుంది. ఊదటం మానేస్తే అది పోదు, మందులు వాడితేనే పోతుంది. ఈ రెండు మాటలు ఆయనకు అర్థమయ్యేలా చెప్పటానికి మాకు అరగంట పట్టింది. ఎందుకంటే, దగ్గు మొదలైన మొదటి వారాల్లోనే ఆయన పరీక్షకు వచ్చి ఉండాల్సింది. తప్పు క్లారినెట్‌దే అనుకుని, కొన్నాళ్లు విశ్రాంతిగా ఉంటే అదే తగ్గుతుందిలే అని ఊరుకున్నారు. పైగా నిజం తెలిస్తే రెండో వరుసలో తన కుర్చీ పోతుందేమోనని భయం. ఆ విషయం తరువాత ఎప్పుడో చెప్పారు.

ఇక అసలు గొడవ హాలులో మొదలైంది. ఆయన ఒక ఇంటర్మీడియట్ కుర్రవాడికి తన క్లారినెట్ మీదే పాఠం చెబుతున్నారు. ఇద్దరూ ఒకే మౌత్‌పీసు నోట్లో పెట్టుకున్నారు. ఈ సంగతి తెలిసి కుర్రవాడి తల్లి ఏడుస్తూ మా దగ్గరకు పరుగున వచ్చింది. బృందంలో కొందరు ఆ వాద్యాన్ని కాల్చేయమన్నారు. ఇంకొకరు దానిని డెటాల్‌లో ముంచమన్నారు.

టి.బి. క్రిమి గిన్నెల మీద, గ్లాసుల మీద, మౌత్‌పీసు మీద నుండి అంటుకునేది కాదు. జబ్బు ఉన్నవారు దగ్గినా, మాట్లాడినా, పాడినా గాలిలో కలిసే అతి సన్నని తుంపరలను పక్కవారు పీల్చటం వలన సోకుతుంది. కనుక భయపడాల్సింది పీకను చూసి కాదు, కిటికీలు మూసి ఫ్యాన్లు వేసుకున్న ఆ హాలును చూసి. దోమలు వస్తాయని సాయంత్రం కిటికీలు మూసేవారట! గాలి ఆడని గదిలో ఏం జరుగుతుందో లోకం 2020 మార్చిలో చూసింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఔత్సాహిక గాయక బృందం రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చినవారు 61 మంది, వారిలో ఒకరికి అప్పటికే జలుబు లక్షణాలున్నాయి. మొత్తం 53 మందికి కోవిడ్ వచ్చినట్లు లెక్క తేలింది, ఇద్దరు చనిపోయారు. అది వేరే క్రిమి, అంత త్వరగా టి.బి. సోకదు. కానీ గది సంగతి ఒక్కటే.

అందుకని కుర్రవాడిని, ఇంట్లోవారిని, ఆయన చుట్టూ కూర్చునే వారందరినీ పరీక్షలకు పిలిపించాము. కుర్రవాడి ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు. దగ్గు, జ్వరం, బరువు తగ్గటం ఏది కనిపించినా వెంటనే తీసుకురమ్మని తల్లికి చెప్పి పంపాము. క్లారినెట్‌ను ఎవరూ కాల్చలేదు.

అలాగని ఒకరి మౌత్‌పీసు ఇంకొకరు నోట్లో పెట్టుకోవచ్చా? వద్దు. పెదవి మీద నీటి పొక్కులు, గొంతు నొప్పి, జలుబు వంటివి అలా అంటుకుంటాయి. ఒక వాద్యం మీద ఇద్దరు నేర్చుకోక తప్పకపోతే ఎవరి మౌత్‌పీసు, ఎవరి రీడు వారికి వేరుగా ఉండాలి. ఇంజెక్షన్ సూది మీద మేమెంత పట్టుదలగా ఉంటామో దీని మీదా అంతే.

పెద్దాయన ఆరు నెలలు మందులు వాడారు. ఈ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పోషణ కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేశారు. సిగ్గుపడి ఈ సాయం వదులుకునే కుటుంబాలను చూస్తుంటే మాకు బాధ కలుగుతుంది. సరైన మందులు క్రమంగా పడితే రెండు వారాలకే చాలామందిలో ఇతరులకు సోకే అవకాశం బాగా తగ్గుతుంది. అయినా సాధనకు ఎప్పుడు వెళ్లాలో డాక్టరు గారే చెప్పాలి.

కోర్సు ముగిశాక ఆయన సంతోషంగా పెట్టె పట్టుకుని నేరుగా మా దగ్గరకే వచ్చారు. మూత తీయగానే వర్షాకాలపు బీరువా వాసన! ఆఖరిసారి ఊదిన తరువాత తుడవకుండానే మూసేశారు. రీడు మీద, మౌత్‌పీసు లోపల పచ్చగా బూజు.

ఇది చిన్న విషయం కాదు. వేడి అన్నం గిన్నె మూత తీస్తే మూత లోపల నీటి బొట్లు కనబడతాయి కదా. మన ఊపిరి వెచ్చనిది, తడిది. అది చల్లని చెక్క గొట్టాన్ని తాకగానే అలాగే నీరవుతుంది. ఆ తడిలో బూజు పెరుగుతుంది, మళ్లీ ఊదేటప్పుడు మధ్యమధ్య గాలి పీల్చితే లోపలికి పోవచ్చు. ఇంగ్లండులో 61 ఏళ్ల మనిషి ఒకాయన రోజూ బ్యాగ్‌పైపు వాయించేవాడు. అది మన కథకుల వెనుక శ్రుతి పట్టే తోలుతిత్తి వంటిది. ఏళ్ల తరబడి పొడి దగ్గు, ఆయాసం. వాద్యాన్ని ఇంట్లో వదిలి మూడు నెలలు ఆస్ట్రేలియా వెళ్తే ఊపిరి తేలికపడింది, తిరిగి వచ్చి వాయిస్తే మళ్లీ మొదలు. చివరకు 2014లో చనిపోయాడు. ఆ వాద్యం లోపల అనేక రకాల బూజులు దొరికాయి, వాటి వలన ఊపిరితిత్తులకు వచ్చిన అలర్జీ వాపే కారణం కావచ్చని డాక్టర్లు 2016లో థోరాక్స్ పత్రికలో రాశారు. ఇది చాలా అరుదు. కానీ తుడిచే గుడ్డ ఖరీదెంత?

ఊదటం అయిన వెంటనే రీడు విప్పి, తుడిచి, చదునుగా ఆరబెట్టండి. తాడు కట్టిన మెత్తని గుడ్డను గొట్టాలలోనుండి రెండు మూడుసార్లు లాగండి. కీళ్ల దగ్గర తడి నిలుస్తుంది, అక్కడ కూడా తుడవండి. మౌత్‌పీసును వారానికొకసారి గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బుతో కడగండి. మరిగే నీళ్లు పోస్తే నల్లని ఎబొనైటు రంగు మారి పాడవుతుంది. చెక్క భాగాన్ని నీళ్లలో ముంచకండి, ఎండలో పెట్టకండి, పగులుతుంది. తడి గుడ్డను పెట్టెలో దాచకండి. బూజు పట్టిన రీడును, గొంతు నొప్పిలో వాడిన రీడును కడిగి దాచుకోవద్దు, పారేయండి. ఊదే ముందు నోరు పుక్కిలించాలి. సాధన మధ్యలో సమోసా తిని అలాగే ఊదేవారిని చూశాము.

కంటిలో నీటికాసులు ఉన్నవారు, హెర్నియాకు గానీ కంటికి గానీ ఈమధ్య ఆపరేషన్ అయినవారు ఊదే ముందు తమ డాక్టరును అడగాలి. గట్టిగా ఊదినప్పుడు కంటిలో ఒత్తిడి, పొట్టలో ఒత్తిడి పెరుగుతాయి. ట్రంపెట్టుకు ఎదురుగా కూర్చునేవారు చెవుల సంగతి కూడా చూసుకోవాలి, కుర్చీ కొంచెం పక్కకు జరిపినా మేలే. ఆస్తమా ఉన్న పిల్లలు ఫ్లూటు నేర్చుకోవచ్చు, ఇన్‌హేలరు మాత్రం మానకూడదు.

దగ్గు రెండు వారాలు దాటితే వాద్యం మీద నెపం పెట్టకుండా తెమడ పరీక్షకు రండి. వచ్చినప్పుడు మేము అడగకపోయినా "నేను ఊదుతాను" అని చెప్పండి. ఇప్పుడు మా ఓ.పి. చీటీలో ఆ ప్రశ్న కూడా చేర్చాము.

పెద్దాయన ఆ రీడులన్నీ పారేసి, కొత్త మౌత్‌పీసులు రెండు తెప్పించారు. ఒకటి తనకు, ఒకటి కుర్రవాడికి. మొదటి వారం రోజుకు ఐదు నిమిషాలే ఊదమని డాక్టరు గారు చెబితే, ఏడు నిమిషాలు ఊదానని దొంగలా నవ్వుతూ మాకు చెప్పారు. హాలు కిటికీలకు దోమల జాలీ కొట్టించారు. కిటికీలు ఇప్పుడు తెరిచే ఉంటున్నాయి. రోడ్డు మీదకు వినబడుతోందని ఎదురింటివారి ఫిర్యాదు.