హీట్ ఎక్స్ఛేంజర్ల డిజైన్: అంచనాను సరిచూడటం నేర్చుకోండి

మెకానికల్, కెమికల్ బీటెక్ విద్యార్థుల్లో చాలామంది రెజ్యూమేలో ‘సీఎఫ్‌డీ తెలుసు’ అని రాస్తున్నారు. ‘మీ సిమ్యులేషన్ చెప్పిన అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం తడబడుతున్నారు. హీట్ ఎక్స్ఛేంజర్ల డిజైన్‌లో కొలువు కోరుకునేవారు ముందు సిద్ధపడాల్సింది ఈ ప్రశ్నకే.

రిఫైనరీల్లో, ఎరువుల కర్మాగారాల్లో ఎక్కువగా వాడేది షెల్ అండ్ ట్యూబ్ రకం. ట్యూబుల లోపలి ప్రవాహాన్ని లెక్కగట్టడం కొంత తేలిక. 1930 నాటి డిట్టస్-బోల్టర్ సూత్రంతోనే తొలి అంచనా వచ్చేస్తుంది. చిక్కంతా షెల్ వైపే. అక్కడ ద్రవాన్ని ట్యూబులకు అడ్డంగా మళ్లించడానికి బాఫిల్ పలకలు అమరుస్తారు. పలక అంచుకూ షెల్‌కూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల సందు తప్పదు. అది లేకపోతే ట్యూబుల కట్టను లోపలికి దూర్చలేం. ట్యూబు దూరే రంధ్రాల చుట్టూ కూడా సన్నని సందు ఉంటుంది. కొంత ద్రవం మళ్లాల్సిన దారిలో మళ్లకుండా ఈ సందుల్లోంచి జారిపోతుంది. డొనాల్డ్ కెర్న్ 1950లో తన పుస్తకంలో ఇచ్చిన పద్ధతి ఈ లీకేజీని విడిగా పట్టించుకోదు. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయ పరిశోధనల నుంచి పుట్టిన బెల్-డెలావేర్ పద్ధతి దీనికి దిద్దుబాటు గుణకాలు ఇచ్చింది. సీఎఫ్‌డీ మోడల్‌లో సందులను వదిలేస్తే మెష్ ఎంత సన్నగా వేసినా లెక్క దారి తప్పుతుంది. ఈ రంగంలో అన్నిటికంటే ముందు ఒంటబట్టాల్సిన విషయం ఇదేనని నా నమ్మకం.

అందుకే ప్రాజెక్టుకు చిన్న ఎక్స్ఛేంజర్‌నే ఎంచుకోండి. రెండు పద్ధతుల్లోనూ చేత్తో లెక్క కట్టండి. తర్వాత ఉచితంగా దొరికే ఓపెన్‌ఫోమ్‌లో సందులతో ఒకసారి, లేకుండా ఒకసారి నడపండి. మెష్‌ను ఇంకా సన్నగా వేసినా ఫలితం మారకుండా నిలుస్తోందా, చూడండి. పీడన నష్టాన్ని మరవొద్దు: ట్యూబులో ప్రవాహం టర్బులెంట్‌గా ఉన్నప్పుడు వేగం రెట్టింపైతే ఉష్ణబదిలీ గుణకం సుమారు 1.74 రెట్లే అవుతుంది, పీడన నష్టం దాదాపు మూడున్నర రెట్లకు చేరుతుంది. ఆ భారమంతా పంపు మీదే. పైగా వాడకంలో ట్యూబులకు మడ్డి, ఉప్పు పేరుకుంటాయి కాబట్టి కొత్తలో సరిపోయిన అంచనా తర్వాత సరిపోదు.

థియరీకి ఎన్‌పీటీఈఎల్ పాఠాలు చాలు. డిజైన్ సంస్థల్లో వాడే హెచ్‌టీఆర్‌ఐ, ఆస్పెన్ ఈడీఆర్ సాఫ్ట్‌వేర్లు చేరాక నేర్చుకోవచ్చు. విశాఖపట్నంలోని భెల్ యూనిట్ హీట్ ఎక్స్ఛేంజర్లు తయారుచేస్తుంది; అలాంటి చోట ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించండి. ట్యూబుల కట్టను షెల్‌లోకి దూర్చడం ఒక్కసారి కళ్లారా చూస్తే, మోడల్‌లో సందులు గీయడం ఇక మర్చిపోరు.