చూసేవాళ్లుంటే కాలు వణుకుతోంది

సమస్య: నాకు 44 ఏళ్లు. టీచర్‌ని. వరంగల్ నుంచి బడి ఉన్న ఊరికి రోజూ రెండు బస్సులు మారాలి. సాయంత్రం బస్సు తప్పితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. అందుకే కారు నేర్చుకున్నాను. ఎల్ఎల్ఆర్ వచ్చి నాలుగు నెలలు దాటింది. ఎవరైనా చూస్తున్నారంటే చాలు, క్లచ్ మీద కాలు నిలవదు, బండి ఆగిపోతుంది. మావారు పక్కన కూర్చుంటే మరీను. ‘ఫొటోకి వస్తే చాలు, టెస్టు సంగతి మేం చూసుకుంటాం’ అంటున్నాడొక ఏజెంటు. మావారూ అదే మేలంటున్నారు. టెస్టులో ఏం చేయిస్తారు? ఫెయిలైతే ఎలా?
– ఒక సోదరి, వరంగల్

సలహా: అమ్మా, ఏజెంటుకి మాత్రం ఒప్పుకోకండి. రేపు చీకట్లో ఎదురుగా లారీ వచ్చినప్పుడు బండిని అదుపులో పెట్టాల్సింది మీరే. అది మీకు వచ్చో రాదో ముందే తేల్చుకునే చోటు టెస్టు ట్రాక్. దాన్ని డబ్బిచ్చి వదులుకోవద్దు.

టెస్టులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చోవచ్చు, బయట నిలబడీ చూడొచ్చు. సీటు, అద్దాలు సర్దుకుని, బెల్టు పెట్టుకున్నాకే తాళం తిప్పండి. కారుకి ముఖ్యమైనది హెచ్ ఆకారపు ట్రాక్. ముందుకెళ్లడం తేలికే, తడబడేది రివర్స్‌లోనే. అక్కడ యాక్సిలరేటర్ జోలికి పోకండి, హాఫ్ క్లచ్ మీదే బండి మెల్లగా పాకుతుంది. మెడ తిప్పి వెనక్కి చూడండి, రెండు పక్కల అద్దాలూ మార్చి మార్చి చూడండి. అంచు తగలకుండా రావడమే లెక్క.

ఎత్తు మీద ఆపి కదిలించమంటే హ్యాండ్‌బ్రేక్‌ని నమ్ముకోండి. అది లాగే ఉంచి క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజన్ చప్పుడు మారి, బండి ముందుకు గుంజుతున్నట్టు తెలిశాక కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి హ్యాండ్‌బ్రేక్ దించండి. వెనక్కి జారదు. మీ కాలికి ఇది అలవాటయ్యేదాకా రోజూ చేయండి.

బండి ఆగిపోతే? బ్రేకు తొక్కి, న్యూట్రల్ చేసి, స్టార్ట్ చేసి, మళ్లీ మొదటి గేరు వేయండి. కంగారులో గేరులో ఉండగానే తాళం తిప్పడం వల్ల బండి ఎగిరిపడుతుంది.

మీ భయం కారంటే కాదు, చూసే కళ్లంటే. అందుకని చూసేవాళ్ల ముందే సాధన చేయండి. డ్రైవింగ్ స్కూల్లో మిగతావాళ్లు నిలబడి ఉండగా హెచ్ వేయండి. టెస్టుకి ముందొకసారి ట్రాక్ దగ్గరికెళ్లి ఇతరులు ఎలా చేస్తున్నారో చూడండి. ఎల్ బోర్డు బండిలో పక్కన లైసెన్సున్నవారు ఉండి తీరాలి, కానీ అది మీవారే కానక్కర్లేదు. టెస్టయ్యేదాకా ఆ సీటు ఇంకెవరికైనా ఇవ్వమని ఆయనకే చెప్పండి. మీ మేలు కోరే మనిషే, అర్థం చేసుకుంటారు.

ఫెయిలైతే పరువేం పోదు. ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. వరుసగా మూడుసార్లు తప్పితేనే 60 రోజులు ఆగాలి. అయితే ఎల్ఎల్ఆర్ చెల్లేది ఆరు నెలలే. మీకు రెండు నెలలు కూడా లేవు. ఆఖరి వారం దాకా ఆగితే రెండో అవకాశానికి వ్యవధి ఉండదు. స్లాట్ ఈ వారమే బుక్ చేసుకోండి. తీసుకెళ్లే కారు ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాల గడువు ముందురోజే చూసుకోండి.