అసంగ్రహము: గృహశుద్ధి, చిత్తశుద్ధి

బసవేశ్వరుని బోధలో కాయకము, దాసోహము అను రెండును ఒకే బండికి రెండు చక్రముల వంటివి. కష్టించి ఆర్జించుట కాయకము. ఆర్జించిన దానిలో కుటుంబమునకు వలసినంత ఉంచుకొని, తక్కినదానిని వినయముతో సంఘమునకు సమర్పించుట దాసోహము. ఈ రెంటిని కలిపి నిలుపు ఇరుసు అసంగ్రహము, అనగా అక్కరకు మించి కూడబెట్టకుండుట. ఈ గుణము మన ఇండ్లలో ఎట్లు నిలువవలెనో తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

లక్కమ్మ నేర్పిన పాఠము

పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో, అనగా నేటి బీదరు జిల్లా బసవకల్యాణములో, ఐదక్కి మారయ్య, లక్కమ్మ అను శరణదంపతులుండిరి. 'ఐదక్కి' యనగా ఏరిన బియ్యము. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వండి, జంగములకు పెట్టి, పిదప తాము భుజించుట వారి కాయకము. తుంగతుర్తి, సూర్యాపేట ప్రాంతములలో వరికోతల పిదప పరిగె ఏరుకొను వారిని చూచినవారికి ఇది సులభముగా బోధపడును.

ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ ఆశ ఎక్కడిదని భర్తను ప్రశ్నించి, అధికముగా తెచ్చినదానిని తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. ఆయన అట్లే చేసెను. ఆ బియ్యము దొంగసొమ్ము కాదు. అయినను నాటి అక్కరకు మించినది. పేదయింటి ఇల్లాలు గడపలోనికి రానీయనిది బియ్యమును కాదు, రేపటి ఆశను.

నేటి ఇల్లు

ఇప్పుడు మన ఇండ్లను చూతురుగాక. అటకమీద మూతలేని గంగాళములు, పెండ్లిండ్లలో చదివించిన స్టీలు సామాను, సందూకలో కట్టని చీరలు, మూలన చెడిపోయిన రేడియో, మంచము క్రింద ప్లాస్టిక్ డబ్బాలు. వీనిలో ప్రతి వస్తువును మనిషిని ఏదో ఒకటి అడుగుచునే యుండును. ఒకటి తుడువుమనును, ఒకటి బాగుచేయించుమనును, ఒకటి కాపాడుమనును. కంటికి కనబడు పని తీరనంతవరకు మనస్సునకు విశ్రాంతి దొరకదు. 2010లో అమెరికా పరిశోధకులు లాస్ ఏంజిలిస్‌లోని ఉద్యోగ దంపతులను పరిశీలించి ప్రకటించిన వ్యాసమును బట్టి, తమ ఇల్లు చిందరవందరగా ఉన్నదనియు, పనులు అసంపూర్తిగా ఉన్నవనియు చెప్పిన స్త్రీలలో దినమెల్ల మనోభారము అధికముగా కనబడినది.

లింగవంతునకు ఇందు మరియొక విశేషము గలదు. ఇష్టలింగపూజకు పెద్ద మందిరము అక్కరలేదు, అరచేయియే పీఠము. కావలసినది శుభ్రమైన ఆసనము, కొంత నిశ్శబ్దము. ఆ కొద్దిపాటి చోటును కూడ సామాను ఆక్రమించినచో, ఇంటికి యజమాని ఎవరు? మనుష్యుడా, వస్తువులా?

సంరక్షణ వేరు, సంగ్రహము వేరు

ఇంతమాత్రమున ఉన్నదెల్ల పారవేయుమని అర్థము కాదు. రైతు విత్తనములు దాచుట, తిండిగింజలు గుమ్మిలో పోసికొనుట సంరక్షణము. అక్కరలేనిదానిని 'ఉండనీ' యని దాచుట సంగ్రహము. పొరుగింటివారు చూడవలెనని అప్పుచేసి కొనుట అంతకంటె కీడు. ఆ అప్పు కాయకమును సైతము మ్రింగును.

ఇల్లు సర్దునపుడు ఈ నియమములు పాటింపదగును:

1. ఒక్కనాడు ఒక్క మూలయే సర్దవలెను. ఉంచవలసినవి, ఈయవలసినవి, పారవేయవలసినవి అని మూడు రాసులు చేయవలెను.

2. పెద్దల వస్తువులను వారిని అడుగక కదపరాదు. అవ్వ సందూకలోని పాత బొంత ఇతరులకు గుడ్డపేలిక; ఆమెకు అది తల్లిచేతి గుర్తు.

3. దాసోహముగా ఇచ్చునది పనికివచ్చునదై యుండవలెను. చినిగినది, పగిలినది ఇచ్చి దానమనుకొనరాదు. జంగమునకు సమర్పించునట్లే ఉతికి, తోమి, గౌరవముతో ఈయవలెను.

4. భోగిమంటలో ప్లాస్టిక్, రబ్బరు వేయరాదు. ఆ పొగ పసిపిల్లలకు, వృద్ధులకు హాని చేయును.

5. మఠములును తమ కొట్లను చూచుకొనవలెను. భక్తులిచ్చిన వంటపాత్రలు తాళములో నుండుటకంటె పేదింటి పెండ్లికి ఎరువిచ్చుట మేలు.

పారవేయరానిది

తాటాకు గ్రంథములు, చేవ్రాత పుస్తకములు కనబడినచో మాత్రము తొందరపడరాదు. ఫ.గు. హళకట్టి (1880–1964) వచనముల తాళపత్రములను వెదకి సేకరించి, 1923లో 'వచన శాస్త్ర సార' ప్రకటించెను. అట్టి పత్రములను చెత్తయని కాల్చియుండినచో శరణుల వాక్కు లోకమునకు దక్కెడిది కాదు. తుంగతుర్తికి ఉత్తరమున నున్న పాలకుర్తి, ద్విపదలో బసవపురాణము రచించిన పాల్కురికి సోమనాథుని గ్రామము. ఈ సీమలో ఏ యింటి అటకపై ఏమున్నదో ఎవరెరుగుదురు? కావున అట్టివి దొరకినపుడు మఠాధిపతులకో, పండితులకో చూపవలెను.

అక్కమహాదేవి సమస్తమును విడిచి కదళికి వెడలెను. గృహస్థులందరికి అది సాధ్యము కాదు. లక్కమ్మ మార్గము మాత్రము ప్రతి యింటికిని సాధ్యమే. చేతికి వస్తువు వచ్చినపుడు 'ఇది నేటి అక్కరకా, రేపటి ఆశకా?' యని యడుగుటయే ఆ మార్గము.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. మారయ్య తెచ్చిన అధిక బియ్యమును లక్కమ్మ ఏల తిరస్కరించెను?

2. సంరక్షణమునకు, సంగ్రహమునకు గల భేదమును మీ యింటి వస్తువులతో వివరింపుడు.

3. గడచిన సంవత్సరమున ఒక్కమారైనను వాడని వస్తువులేవి? అవి ఎవరి అక్కర తీర్చగలవు?

శరణు శరణార్థులు.