పాత స్పీకర్లు: కొనే ముందు, విప్పే ముందు

రికార్డ్ ప్లేయర్లు మళ్లీ ఇళ్లలోకి వస్తున్నాయి. వాటి వెనకే పాత స్పీకర్ల మీద మోజూ వచ్చింది. హైదరాబాద్ ఎర్రగడ్డ సండే మార్కెట్లోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో ఒక జత బేరమాడి, ఆటోలో వేసుకుని తిన్నగా మా ఇంటికి వచ్చే కుర్రాళ్లున్నారు. "అంకుల్, వీటిని ఎలా బాగుచేయాలి?" అంటారు. ఆ ప్రశ్న కన్నా ముందు అడగాల్సినవి చాలా ఉన్నాయి. రేడియోలు, ఆంప్లిఫయర్లు విప్పుతూ గడిపినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసినవి వరసగా రాస్తున్నాను.

1. పేరు చూసి కాదు, మీరు వినే పాటలు చూసి కొనండి. ఘంటసాల, లీల, జిక్కి కాలపు సినిమా పాటలు మోనోలో రికార్డయినవి. 1957 నాటి మాయాబజార్ పాటల్లో బలమంతా గొంతులో ఉంటుంది, అడుగు బేస్ తక్కువ. వాటికి పన్నెండంగుళాల ఊఫర్ అక్కర్లేదు. పాత వాల్వ్ రేడియోలోని ఎనిమిదంగుళాల ఫుల్ రేంజ్ స్పీకర్ మంచి పెట్టెలో పెడితే గొంతు ఎంత నిండుగా వస్తుందో విన్నవాళ్లకే తెలుసు. బీబీసీవాళ్లు 1970లలో చేయించిన ఎల్‌ఎస్3/5ఏ అడుగెత్తు కూడా మించని బుల్లి పెట్టె. ప్రసార వ్యానుల్లో మాట స్పష్టంగా వినడానికి తయారైంది. ఈ రోజుకీ మనిషి గొంతుకు దాన్ని మెచ్చుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. మీరు ఇళయరాజా బేస్ గిటార్ కోసమో, మృదంగంలో ఎడమచేతి గుంకీ కోసమో వింటారా, అప్పుడు సంగతి వేరు. పెద్ద పెట్టె వెతకండి.

2. డ్రైవర్లు లెక్కపెట్టకండి. 1991కి ముందు విదేశీ ఆడియో సరుకు మన దేశంలో మామూలుగా దొరికేది కాదు. గల్ఫ్‌కు వెళ్లిన కరీంనగర్, కడప, గోదావరి జిల్లాలవాళ్లు తిరిగొచ్చేటప్పుడు తెచ్చిన జపాన్ సెట్లే చాలా ఇళ్లకు మొదటి స్టీరియో. ఆ స్పీకర్లే ఇప్పుడు పాతసామాన్ల కొట్లలో తేలుతున్నాయి. కొన్నింటికి ముందు చెక్క జాలీ, లోపల అయిదారు డ్రైవర్లు, చూడ్డానికి మహా దర్జా. వెనక పలక విప్పితే క్రాసోవర్ (బేస్‌ను ఊఫర్‌కు, సన్నటి పైశబ్దాలను ట్వీటర్‌కు పంచే సర్క్యూట్) పేరుతో ఒకటో రెండో కండెన్సర్లు వేలాడుతుంటాయి. అలాగని కండెన్సర్లు తక్కువున్నవన్నీ చెత్త కాదు. 1970లో వచ్చిన జేబీఎల్ ఎల్100లో కూడా క్రాసోవర్ చాలా చిన్నది. అక్కడ డ్రైవర్లు ఆ బాధ్యత మోసేలా కట్టారు. సోనోడైన్, కాస్మిక్, ఫిలిప్స్ వంటి, మన దేశంలో తయారైన పెట్టెల్ని చిన్నచూపు చూడకండి. రెండే డ్రైవర్లున్న పొందికైన జత, ఆరు డ్రైవర్ల ఆర్భాటం కంటే నాకెప్పుడూ నచ్చుతుంది.

3. కొట్టుకు వెళ్లేటప్పుడు జేబులో మల్టీమీటర్ ఉండాలి. 8 ఓంలని రాసిన ఊఫర్ మీటరు మీద సుమారు 5.5 నుంచి 7 దాకా చూపిస్తుంది. కంగారుపడొద్దు. రాసింది ఇంపీడెన్స్, మీటరు చూపేది ఒట్టి తీగ నిరోధం. పెట్టె వెనక టెర్మినల్స్ దగ్గర పెడితే మీటరు సాధారణంగా ఊఫర్‌ను ఒక్కదాన్నే చదువుతుంది. ట్వీటర్‌కు కండెన్సర్ అడ్డం కాబట్టి అది మీటరుకు కనిపించదు. అందుకే పాట పెట్టించి, ట్వీటర్‌కు చెవి దగ్గరగా పెట్టి వినాలి. ఎడమ కుడి పెట్టెల రీడింగుల్లో అర ఓం కంటే తేడా ఉంటే ఒకదాని కాయిల్ ఎవరో మార్చారేమోనని అనుమానించండి. తర్వాత నాలుగు వేళ్లు కోన్ చుట్టూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. గరగర వినిపిస్తే కాయిల్ మాగ్నెట్‌కు రాసుకుంటోంది. ఆ జత వదిలేసి టీ తాగి వచ్చేయండి.

4. ఫోమ్ పొడైపోయిందని మంచి స్పీకర్‌ను వదులుకోకండి. ఎక్కువమంది బెదిరిపోయేది ఇక్కడే, నిజానికి లాభం దొరికేదీ ఇక్కడే. కోన్ అంచు చుట్టూ ఉండే ఆ మెత్తటి రింగు పాలీయురెథేన్. గాలిలోని తేమకు పదిహేను, ఇరవై ఏళ్లలో జిగురై, తర్వాత అప్పడంలా విరిగిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఇంకా ముందే. ఊఫర్ ఒక్కసారి మోగకపోయినా ఫోమ్ మాత్రం చస్తుంది. ఎల్100 ఊఫర్‌కు గుడ్డ అంచు కాబట్టి ఆ గొడవ లేదు, కానీ ముందున్న రంగు గళ్ల ఫోమ్ జాలీ పొడిపొడిగా రాలుతుంది.

కొత్త ఫోమ్ వేయడం ఇంట్లో చేసుకోగల పని. పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నానబెట్టి ఓపిగ్గా తీయాలి. క్షణాల్లో గట్టిపడే జిగురు జోలికి పోవద్దు, సర్దుకోవడానికి వ్యవధి ఇవ్వదు. మెల్లగా ఆరే తెల్ల జిగురు మేలు. ముందు ఫోమ్‌ను కోన్‌కు అంటించి ఆరనివ్వండి. తర్వాత ఫ్రేముకు అంటించేటప్పుడు 30 హెర్ట్జ్ టోన్‌ను చాలా తక్కువ సౌండ్‌లో మోగిస్తూ, గరగర పోయేదాకా కోన్‌ను వెంట్రుకవాసి జరుపుతూ మధ్యకు తేవాలి. ఆ తర్వాత ఒక రోజంతా ముట్టుకోకూడదు. మీ ఇంట్లో పిల్లలుంటే ఆ గదికి తాళం వేయండి.

5. ఫోమ్ బదులు రబ్బరు వేస్తానని మెకానిక్ అంటే ఒప్పుకోకండి. ఎందుకో చెప్తాను. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1954లో అకూస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టి ఏఆర్-1 తెచ్చాడు. గాలి చొరబడని పెట్టెలో బిగించిన గాలే స్ప్రింగులా పనిచేస్తుందన్నది ఆయన ఊహ. అందుకని ఊఫర్ అంచు చాలా మెత్తగా ఉండాలి. దానికి బిర్రుగా ఉండే రబ్బరు తొడిగితే లెక్క మొత్తం తప్పి, బేస్ పోతుంది. ఇలాంటి పెట్టెలో ఊఫర్‌ను నొక్కి వదిలితే కోన్ నెమ్మదిగా పైకి రావాలి. టక్కున వచ్చిందంటే ఎక్కడో గాలి పోతోంది. స్క్రూల చుట్టూ, టెర్మినల్ పలక చుట్టూ చూడండి. లోపలి గ్లాస్ ఉన్ని కూడా ఆ లెక్కలో భాగమే. తీసినంతా తిరిగి పెట్టండి, చేతులకు గ్లవ్స్, ముక్కుకు గుడ్డ కట్టుకుని.

6. కండెన్సర్లన్నీ పీకి కొత్తవి వేయడం ఇప్పుడొక ఫ్యాషన్. అన్నీ వేయక్కర్లేదు. పాత నాన్‌పోలార్ ఎలక్ట్రోలిటిక్‌లు వయసుతో పాటు విలువ మారతాయి, వాటిని మార్చండి. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతాయి. ప్లస్, మైనస్ గుర్తులున్న మామూలు ఎలక్ట్రోలిటిక్ ఇస్తే తీసుకోవద్దు. ఫిల్మ్ కండెన్సర్లు బాగుంటే వాటిని కదపకండి. ఎలక్ట్రోలిటిక్ స్థానంలో ఫిల్మ్ వేశాక ట్వీటర్ చెవిలో పొడిచినట్టుంటే, దానికి వరసలో చిన్న రెసిస్టర్ చేర్చితే సర్దుకుంటుంది. వెనక తిప్పే కంట్రోళ్లు గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ పదే పదే తిప్పండి. సగం "చచ్చిన" ట్వీటర్లు దాంతోనే లేస్తాయి.

7. పెట్టెలు సర్దాక ఒక మోనో పాట వేసి రెండింటి మధ్య కూర్చోండి. ఘంటసాల సరిగ్గా నడుమ నిలబడి పాడాలి. గొంతు గదంతా చెదిరి, బేస్ మాయమైతే ఒకవైపు వైర్లు తిరగబడ్డాయి. ఏ డ్రైవరో తేల్చడానికి 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కు ప్లస్ తగిలితే కోన్ ముందుకు రావాలి. పాత జేబీఎల్‌లలో మాత్రం లోపలికి పోతుంది. అది ఆ కంపెనీ పద్ధతి, బాగుచేయబోకండి.

8. చెక్క విషయంలో ఒక్క మాట. చెదలు పట్టినా, పార్టికల్ బోర్డు నీటికి ఉబ్బినా కొనొద్దు. గీతలకు టేకు నూనె చాలు. వెనీర్ కాగితమంత పలుచన, గరుకు కాగితంతో రుద్దితే కింది బోర్డు బయటపడుతుంది.

9. గ్రానైట్ నేల, ఖాళీ గోడలున్న హాల్లో ఏ స్పీకరైనా అరుస్తుంది. కింద జంపఖానా, కిటికీకి మందపాటి కర్టెన్, గోడకు పుస్తకాల బీరువా చూసుకున్నాకే కొత్త ఆంప్ గురించి ఆలోచించండి. పెట్టెల్ని మూలల నుంచి కాస్త ముందుకు జరిపితే బుంయ్‌మనే బేస్ తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

10. తీసేసిన పాత కండెన్సర్లు పారేయకండి. ఒక కవర్లో వేసి, ఏది ఎక్కడ తీశారో, కొత్తదాని విలువెంతో చీటీ రాసి, పెట్టె లోపలి గోడకు టేపుతో అతికించండి. రేపు దాన్ని విప్పేవాడికి మొదట కావాల్సింది అదే. చీటీ మీద తేదీ వేయడం మరిచిపోవద్దు.