సక్రామెంటుమ్ అను మాట – దాని పుట్టుక, దాని భావము

పఠనభాగములు: లేవీయకాండము 6:1–5, ఎఫెసీయులకు 5:25–32, 2 తిమోతికి 2:3–4



సిలువమీద పిలాతు పెట్టించిన పైవిలాసము మూడు భాషలలో వ్రాయబడెనని యోహాను 19:20లో చదువుచున్నాము. వాటిలో రోమా భాష యనబడినదే లాటిను. రోమా సామ్రాజ్యము గతించి ఎన్నో శతాబ్దములైనను, ఆ భాషలోని మాటలు కొన్ని సంఘములో నేటికిని నిలిచియున్నవి. బాప్తిస్మమును ప్రభు భోజనమును మనము సంస్కారములని పిలుచుచున్నాము. ఇంగ్లీషులో వీటిని సాక్రమెంట్లు అందురు. ఆ పేరు సక్రామెంటుమ్ అను లాటిను మాటనుండి వచ్చినది. ఈ మాట మొదట సంఘములో పుట్టినది కాదు. న్యాయస్థానములోను సైన్యములోను వాడబడి, పిమ్మట దేవుని మందిరములోనికి వచ్చినది. అది వచ్చిన త్రోవను తెలిసికొనుట, ప్రభు బల్లయొద్దకు వచ్చు మనకు మేలు.

1. మాట యొక్క మూలము

లాటినులో సకేర్ అనగా దైవమునకు ప్రత్యేకింపబడినది. సక్రారే అనగా ప్రతిష్ఠించుట. చివరనున్న మెంటుమ్ అనునది ఒక పనిని జరిగించు సాధనమును తెలుపును. కాబట్టి సక్రామెంటుమ్ అనగా ప్రతిష్ఠ చేయు సాధనము. ఒక వస్తువైనను మనుష్యుడైనను దీనిచేత కట్టుబడినప్పుడు, ఇక తన సొంతము కాక మరియొకరి సొత్తగును.

2. న్యాయస్థానములో

పూర్వపు రోములో ఇద్దరు వ్యాజ్యమాడునప్పుడు, నా మాట నిజమని ఇరువురును కొంత సొమ్ము ఒడ్డవలెను. ఆ సొమ్మునకు సక్రామెంటుమ్ అని పేరు. క్రీ.పూ. 450 ప్రాంతమునాటి పండ్రెండు పలకల చట్టము ప్రకారము, వివాదములోని ఆస్తి 1000 రాగి నాణెములు గాని అంతకు మించి గాని విలువ చేసినయెడల 500 నాణెములు, తక్కువైనయెడల 50 నాణెములు ఒడ్డవలెను. గెలిచినవాడు తన సొమ్ము తీసికొనిపోవును. ఓడినవాని సొమ్ము ప్రజల ఖజానాకు పోవును.

ఇందులో గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఒక మనుష్యుడు దాసుడా స్వతంత్రుడా అను వ్యాజ్యములో, ఆ దాసుని వెల ఎంత గొప్పదైనను 50 నాణెములే చాలును. అతని విడుదల కొరకు నిలువబడువారికి భారము కాకూడదని ఈ నియమము పెట్టిరని, క్రీ.శ. 2వ శతాబ్దపు న్యాయశాస్త్రవేత్త గాయుసు తెలిపెను. నోటి మాట ఊరకే పోరాదు, దాని వెనుక వెల యుండవలెను అనునదే ఈ మొదటి అర్థము.

3. సైన్యములో

రెండవ అర్థము సైనికుని ప్రమాణము. రోమా సేనలో చేరినవాడు తన అధిపతికి లోబడుదుననియు, ధ్వజమును విడిచి పారిపోననియు ప్రమాణము చేయవలెను. ఒకడు ఆ మాటలన్నియు పలుకగా, తక్కినవారు ఒక్కొక్కరుగా ముందుకు వచ్చి, నాకును అట్లే అని చెప్పుట పూర్వాచారము. చక్రవర్తుల కాలములో ఈ ప్రమాణమును ఏటేట జనవరి మొదటి దినమున మరల చేయుచుండిరి. క్రీ.శ. 69 జనవరి 1న, ఎగువ జర్మనీయలోని సేనలు గల్బా చక్రవర్తి పేరిట ప్రమాణము చేయ నిరాకరించి, అతని ప్రతిమలను పడగొట్టెను. ఆ నెల గడువకమునుపే గల్బా రోములో చంపబడెను. ఒక్క మాట నిలుచుటను బట్టియు తప్పుటను బట్టియు రాజ్యములే నిలుచుచు పడుచు నుండెను.

అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయములోని కొర్నేలీ ఇటువంటి సేనలో శతాధిపతియే. తిమోతిని క్రీస్తుయేసు సైనికుడని పౌలు పిలిచినప్పుడు, ఈ కట్టుబాటు ఎట్టిదో ఆ కాలపువారందరికిని తెలియును.

4. విశ్వాసుల నడుమ

క్రీ.శ. 112 ప్రాంతమున బితూనియ దేశపు అధిపతి యగు ప్లీనీ, త్రాజాను చక్రవర్తికి ఒక లేఖ వ్రాసెను. అతడు క్రైస్తవుడు కాడు. క్రైస్తవులను విచారణ చేసినవాడు. సంఘములో పరిచారికలైన ఇద్దరు దాసీలను హింసించి సంగతులు తెలిసికొనినవాడు. క్రైస్తవులు నియమిత దినమున తెల్లవారకముందే కూడుకొని క్రీస్తును దేవునిగా కీర్తించుదురనియు, ఒక సక్రామెంటుమ్ చేత తమ్మును కట్టుకొందురనియు అతడు వ్రాసెను. ఆ కట్టు దేనికి? కుట్ర చేయుటకు కాదు. దొంగిలకుండుటకు, దోచుకొనకుండుటకు, వ్యభిచరింపకుండుటకు, మాట తప్పకుండుటకు, దాచుమని అప్పగించిన సొమ్ము అడిగినప్పుడు లేదనకుండుటకు.

చూడుడి! విరోధముగా విచారించినవాడే ఈ సాక్ష్యమును వ్రాసి పెట్టెను.

సుమారు క్రీ.శ. 200లో కార్తేజు పట్టణపు తెర్తుల్లియను ఈ మాటను మరింత స్పష్టముగా వాడెను. బాప్తిస్మమునందు మనము ఇచ్చిన ఉత్తరమే మన సైనిక ప్రమాణమనియు, ఆ దినమున జీవముగల దేవుని సేనలో చేరితిమనియు చెరసాలలోనున్న విశ్వాసులకు వ్రాసెను.

5. మర్మము అను అర్థము

అయితే ఇంతటితో ముగియలేదు. గ్రీకు క్రొత్త నిబంధనలో ముస్తేరియోన్ అను మాట కలదు. మన తెలుగు బైబిలులో అది మర్మము. దేవుడు దాచియుంచి తన కాలమందు బయలుపరచిన సంగతి అని దాని భావము. లాటినులోనికి తర్జుమా చేసినవారు దీనిని కొన్ని చోట్ల సక్రామెంటుమ్ అనిరి. వుల్గాత యనబడు లాటిను బైబిలులో ఎఫెసీ. 5:32లోను 1 తిమోతి 3:16లోను ఈ మాటయే కనబడును.

వివాహమును గూర్చిన వచనములలో ఈ మాట యుండుటచేత, వివాహమును కూడ సంస్కారముగా ఎంచుటకు అది ఒక ఆధారమాయెను. 1520లో మార్టిన్ లూథరు దీనిని పరిశీలించి, గ్రీకులో ఉన్నది మర్మమనియు, అది క్రీస్తును సంఘమును గూర్చి చెప్పబడినదనియు చూపెను. రోమను కతోలిక సంఘము 1547లో ట్రెంటు మహాసభయందు సంస్కారములు ఏడని స్థిరపరచెను. ప్రొటెస్టెంటు సంఘములు సాధారణముగా ప్రభువు తానే నియమించిన రెంటిని అంగీకరించుచున్నవి. ఒక మాట తర్జుమా ఎంత దూరము పోవునో ఇందువలన తెలియుచున్నది.

6. మనకు పాఠము

ఈ విధముగా ఒకే మాటలో రెండు సంగతులు కలిసినవి. మర్మము దేవునిది, ప్రమాణము మనది. దేవుడు ముందుగా తన కుమారుని ఇచ్చెను, పిమ్మట మనము ఉత్తరమిచ్చితిమి. ఈ క్రమమును తారుమారు చేయరాదు. మన ప్రమాణ బలముచేత రక్షింపబడుదుమని తలంచువాడు, తప్పిన దినమున నిరాశలో పడును. కృప చాలును గదా, ప్రమాణముతో పనియేమి అనువాడు బల్లను తేలికచేయును.

ప్లీనీ వ్రాసిన కడపటి మాట మన గ్రామములకు మిక్కిలి దగ్గర. వలసపోయిన తమ్ముడు నమ్మి పంపిన సొమ్ము, విధవరాలు దాచుమని ఇచ్చిన రెండు గాజులు, పొదుపు సంఘపు లెక్క – వీటికి చాలసార్లు కాగితము ఉండదు, సాక్షి ఉండడు. అడిగినప్పుడు, నీవెప్పుడిచ్చితివి అనుట సులభము. అయితే అప్పగింపబడిన దానిని గూర్చి పొరుగువానితో బొంకుట యెహోవాకే ద్రోహమని లేవీయకాండము 6వ అధ్యాయము చెప్పుచున్నది. అట్టివాడు మూలధనము నిచ్చి, దానిమీద అయిదవవంతు కలిపి ఇయ్యవలెను. రొట్టెను పట్టుకొను చెయ్యియే ఆ సొమ్మును పట్టుకొనియున్నదని మరువకుడి.

పౌలు తన్ను తాను ప్రభువునకు అప్పగించుకొని, ఆయన కాపాడగలడని నిశ్చయించుకొనెను (2 తిమోతి 1:12). మనము అప్పగించినదానిని ఆయన లేదనడు. ఆయన బల్లయొద్ద కూర్చుండు మనము, ఇతరులు మనకు అప్పగించినదానిని లేదనవచ్చునా?

కూటములలో ఆలోచించుటకు:

1. సక్రామెంటుమ్ అను మాటకు ఈ పాఠములో చెప్పిన మూడు అర్థములేవి?
2. ప్రభు భోజనమునందు దేవుడు మనకిచ్చునదేమి? మనము ఇచ్చు ఉత్తరమేమి?
3. వచ్చే సంస్కారపు ఆదివారమునకు ముందు మనము తిరిగి ఇయ్యవలసినది ఏదైన ఉన్నదా?