రంగు మారిన సీరం వాడవచ్చా?

ప్రశ్న: నా వయసు 32. మొటిమలు తగ్గినా మచ్చలు పోలేదు. వాడుతున్న విటమిన్ సి సీరం గోధుమ రంగుకు తిరిగింది. పారేయాలా? రెటినాల్ కూడా రాసుకోవచ్చా?

జవాబు: పారేయండమ్మా. విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, గాలి, వెలుతురు, వేడి తగిలితే ఆక్సీకరణ చెంది మొదట పసుపుగా, ఆపై గోధుమ రంగుకు మారుతుంది. అప్పటికి దాని సత్తా చాలావరకు పోతుంది, చర్మం మండే అవకాశమూ ఉంది. ఈసారి 10 నుంచి 20 శాతం ఉన్నది, ముదురు రంగు సీసాలో, చిన్నదే కొనండి. 20 దాటితే ఫలితం పెరగదు, మంటే పెరుగుతుంది. మన ఎండాకాలంలో సీసాను కిటికీ దగ్గర ఉంచకండి. సీరానికి బదులు నిమ్మరసం మాత్రం రాయొద్దు. దాంతో ఎండలోకి వెళ్లి బొబ్బలు, కొత్త మచ్చలు తెచ్చుకున్నవాళ్లున్నారు.

రెటినాల్ విటమిన్ ఎ రూపం. మచ్చలకు పనిచేస్తుంది, కానీ తొందర వద్దు. మొదట వారానికి రెండు రాత్రులు, బఠాణీ గింజంత చాలు. గర్భిణి అయినా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా అసలు ముట్టుకోవద్దు. అప్పుడు నియాసినమైడ్, అంటే విటమిన్ బి3 వాడుకోవచ్చు.

పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాయకపోతే ఇవేవీ నిలవవు. మూడు నెలలైనా మచ్చలు తగ్గకపోతే చర్మవైద్యులకు చూపించండి.